సమస్య: గుమ్మము పట్టని ఘటమ్ము గుడిలో నుండెన్

నిర్వాహకుడు: మొన్న శ్రీముఖలింగం వెళ్లాను. మధుకేశ్వరుడి గర్భగుడిలో గుమ్మం పట్టనంత గోలెం చూసినప్పటి నుంచీ ఈ పాదం నాలుక మీదే ఆడుతోంది. ఈ పాదంతో ముగిసేలా పద్యాలు కానివ్వండి.

పర్లాకిమిడి మాస్టారు:
కుమ్మరి గోలెము నొక్కటి
నమ్మిన శివునకు నొసంగె నలువురు మెచ్చన్
పిమ్మట ద్వారము నిలుపగ
గుమ్మము పట్టని ఘటమ్ము గుడిలో నుండెన్

గుణుపురం కుర్రాడు: మాస్టారూ, ధార బాగుంది కానీ కుమ్మరి మొక్కు కథ వంశధార ఒడ్డున చిన్నపిల్లలకీ తెలుసు, గుమ్మాన్ని తర్వాత పెట్టించడం ఒక్కటే మీ సొంతం. నాది సగమే అయింది:
బొమ్మలు చెక్కిన గోడల
సమ్మతి గంగనృపతులే సదనము గట్టన్

పర్లాకిమిడి మాస్టారు: ఆరో గణం (గురులఘువుల గుంపు) తప్పింది, చూసుకో నాయనా. గంగరాజులకు కోపం రాకముందే ‘పతులే’ తీసి ‘పతులిట’ అని మార్చెయ్. నన్ను అనే ముందు నీ లెక్క సరిచూసుకోవద్దూ?

బరంపురం అత్తయ్య: మీరంతా ముఖలింగం వదిలి రారేం? మా ఊళ్లో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి, అంటే దేశిబెహరా వీధికి వస్తుంది కదా.
అమ్మ ఘటము పుట్టింటికి
రమ్మన వీధులు దిరిగెను రాతిరు లెల్లన్
నెమ్మిని యాత్ర ముగియగా
గుమ్మము పట్టని ఘటమ్ము గుడిలో నుండెన్

నిర్వాహకుడు: అబ్బ! గుమ్మంలో దూరనిది కాదు, ఏ గుమ్మంలోనూ నిలవనిది! ఘటం నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరగడం చూసినవాళ్లకే తట్టే విరుపు. ఈ వారం ఇదే నా ఓటు.

పర్లాకిమిడి మాస్టారు: విరుపు సరే, ఒప్పుకుంటాను. కానీ నిర్వాహకులు అడిగింది ముఖలింగం గురించి. చోటు మార్చి గెలవడం కూడా గెలుపేనా?

బరంపురం అత్తయ్య: పాదంలో ఊరి పేరేదండీ? అయినా చోటు సంగతి మీరా చెప్పేది! పోయినసారి పూరణలో సోమేశ్వరుడి మండపంలో హారతి ఇప్పించారు. ముఖలింగంలో మూడు గుళ్లుంటే, మండపం లేకుండా గర్భగుడి ఒక్కటే ఉన్నది ఆ సోమేశ్వరానికేనాయె. మధుకేశ్వరం అని ఉంటే నోరు మెదిపేదాన్ని కాదు.

పర్లాకిమిడి మాస్టారు: శివరాత్రికి ముందు వేసే పందిరి అనుకోండమ్మా.

గుణుపురం కుర్రాడు: ‘మండప’ తీసి ‘పందిరి’ పెట్టినా గణం కదలదు మాస్టారూ. కానీ అది పాదం మొదట్లోనే ఉంది, మిగతా మూడు పాదాల ప్రాస ఏం చేస్తారు?