అప్‌డేట్: ఈసారి నాలుగు పిల్లి కూనలూ బతికాయి

పోయినసారి మా బ్రిటిష్ షార్ట్‌హెయిర్ జాతి పిల్లికి పుట్టిన పిల్లలు మూడూ రెండు రోజుల్లోనే చనిపోయాయి, కారణం ఏంటని అడిగాను కదా. తల్లీతండ్రుల బ్లడ్ గ్రూప్ చూడమన్న అక్కకి ముందు దండం.

నెల్లూరు డాక్టర్ గారు శాంపిల్స్ చెన్నైకి పంపించారు. తల్లిది బి, తండ్రిది ఏ. బి గ్రూపు తల్లి ముర్రుపాలలో తండ్రిలా 'ఏ' గ్రూపు ఉన్న పిల్లల రక్తాన్ని దెబ్బతీసే యాంటీబాడీలు ఉంటాయట. అప్పుడు పిల్లల మూత్రం ఎర్రగా రావడం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అదే జత ఈసారి కలిసింది, తప్పు మాదే. పుట్టగానే పిల్లల్ని వేరే బుట్టలో పెట్టి, 24 గంటలు దాటేదాకా రెండు గంటలకోసారి డబ్బా పాలు పట్టాం. తల్లి తలుపు దగ్గరే అరుస్తూ కూర్చుంది. ఆ రాత్రి టెన్షన్ చెప్పలేను. తర్వాత తల్లి దగ్గరికి చేర్చాం.

ఆరు వారాలకే ఇమ్మన్నవాళ్లకి ఇవ్వలేదు. 12 వారాలు నిండి, రెండో టీకా పడ్డాకే పంపాం. రెండు కావలిలో ఒకే ఇంటికి, ఒకటి ఒంగోలుకి వెళ్లాయి. బాల్కనీకి మెష్ వేయించాకే ఇచ్చాం. నాలుగోది మాతోనే ఉంది.

తల్లికి ఆపరేషన్ చేయించేశాం. ఇక పిల్లలు వద్దు దానికి.