నిద్రలో బీపీ తగ్గకపోవడం గురించి సలహా కావాలి
గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న మా నాన్నగారికి ఇటీవల 24 గంటల బీపీ పరీక్ష చేయించాము. సాధారణంగా నిద్రలో బీపీ పగటి సగటు కంటే 10 నుంచి 20 శాతం వరకు తగ్గి, తెల్లవారి మేలుకునే వేళకు మళ్లీ పెరుగుతుందని చదివాను. నాన్నగారికి మాత్రం పై అంకె పగటి సగటు 138 ఉండగా, రాత్రి 134 దగ్గరే ఆగిపోయింది. అయితే చేతికి కట్టిన పట్టీ అరగంటకోసారి బిగుసుకున్నప్పుడల్లా ఆయన ఉలిక్కిపడి లేచారు కాబట్టి, ఆ రాత్రి అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? ఆయనకు గురక కూడా ఎక్కువే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారికి రాత్రి బీపీ సరిగా తగ్గకపోవచ్చని తెలిసినప్పటి నుంచి నాకు బెంగగా ఉంది. డాక్టరు గారిని అడగకుండా మాత్రల వేళలు మార్చము. ఇలాంటి ఫలితం వచ్చినవారు పరీక్షను మళ్లీ చేయించుకున్నారా, గుంటూరులోగాని విజయవాడలోగాని నిద్ర పరీక్షకు ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండవలసి వచ్చిందా, లేక ఇంట్లోనే చేశారా అన్నది దయచేసి తెలియజేయగలరు.