జపాను సంప్రదాయ గదిని అధివాస్తవిక (సర్రియలిస్ట్) చిత్రంగా వేయడం: కన్ను ఎత్తు, షోజి వెలుతురు, వింత ఎంత?

కుంచెపని (ప్రశ్న)

నమస్కారం. 120 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు గల కాన్వాసు మీద ఆయిల్ రంగులతో ఒక గదిని వేయబోతున్నాను. అది జపాను పాతకాలపు ఇంటిలోని గది: నేలంతా తతామి చాపలు, ఒక పక్క కాగితం అతికించిన షోజి తలుపులు, ఎదురుగా బొమ్మలు వేసిన, పక్కకు జరిగే ఫుసుమ తలుపులు, ఒక మూల టొకొనోమ అనే గూడు. చూడగానే అది నిజమైన గదే అనిపించాలి, కొంతసేపు చూశాక ఇటువంటి గది ఎక్కడా ఉండదని తెలియాలి. పెన్సిలుతో గీసుకున్న నమూనాలలో గాలిలో ఈదే చేపలు, చాపలోంచి మొలిచిన చెర్రీ చెట్టు, చంద్రుడికి బదులు గడియారం వంటివన్నీ పెట్టి చూశాను. అవి కలలోని గదిలాగా కాక పర్యాటక శాఖ పోస్టరులాగా వస్తున్నాయి.

మూడు విషయాలలో సలహా కావాలి. చూసేవారి కన్ను కూర్చున్న మనిషి ఎత్తులో ఉండాలా, నిలబడిన మనిషి ఎత్తులోనా? షోజి గుండా వచ్చే వెలుతురులో నీడలకు అంచులు ఉండవు కదా, వాటిని ఎలా వేయాలి? వింత అనేది ఒకటే ఉండాలా, పలు వింతలు ఉండవచ్చా? జపానీయులెవరైనా చూస్తే, ఈ చిత్రకారుడికి మా ఇల్లు తెలియదని అనుకోకూడదన్నది నా కోరిక.

గీతలబడి

కుంచెపని గారూ, మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగిలిన రెండూ దాని వెనకాలే వస్తాయి. వింత ఒక్కటే ఉండాలి, తక్కిన గదంతా నిక్కచ్చిగా ఉండాలి. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిత్ 1952లో వేసిన ఒక చిత్రంలో నేల నుంచి పైకప్పు దాకా గదంతా ఒకే ఒక పచ్చటి ఆపిల్ పండు నిండి ఉంటుంది. చెక్క నేల, కిటికీ, గోడలు మాత్రం ఏ అద్దె ఇంట్లోనైనా కనిపించేవే. ఆయన తప్పించిన నియమం పరిమాణం ఒక్కటే. అమెరికా చిత్రకారిణి డొరొతియా టానింగ్ 1942లో వేసుకున్న స్వీయచిత్రంలో ఆమె కాళ్ల దగ్గర రెక్కల జంతువు ఉన్నమాట నిజమే కానీ, నాకు గుర్తుండిపోయింది ఆమె వెనక ఒకదాని తరువాత ఒకటిగా తెరుచుకుంటూ పోయే తలుపుల వరుస.

కొలతల మీద నిలబడినది కాబట్టి జపాను ఇల్లు ఈ పద్ధతికి మరీ అనువైనది. తతామి పొడవు వెడల్పుకు రెట్టింపు ఉంటుంది. టోక్యో వైపు కొలత సుమారు 88, 176 సెంటీమీటర్లయితే, క్యోటో వైపు అది 95.5, 191 సెంటీమీటర్లు. గది వైశాల్యాన్ని కూడా చాపల లెక్కలోనే చెబుతారు. నాలుగున్నర చాపల గదిలో నడుమ అర చాప, దాని చుట్టూ ఒకదాని కొసను మరొకటి తాకుతూ తిరిగే నాలుగు చాపలు ఉంటాయి; నాలుగు మూలలు ఒకే బిందువులో కలిసే చోటు అందులో ఉండదు. ఇంత కట్టుబాటు ఉన్న గదిలో ఒక్క నియమం తప్పినా కంటికి తెలుస్తుంది. పది తప్పితే ఏదీ తెలియదు.

కన్ను ఎత్తు విషయంలో నాకు సందేహం లేదు, కూర్చున్న ఎత్తునే ఎంచుకోండి. టొకొనోమలో వేలాడే పటం, తోట కనిపించే తీరు, అన్నీ నేల మీద కూర్చున్నవారి కోసమే అమర్చినవి. కూర్చున్నవారి కన్ను నేల నుంచి 75, 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది; తలుపుల ఎత్తు 175 సెంటీమీటర్లకు అటూ ఇటూ కనుక, మీ క్షితిజరేఖ (చూసేవారి కన్ను ఎత్తును చూపే అడ్డగీత) తలుపు సగానికి కొంచెం దిగువన పడుతుంది. దీనితో ఒక ఇబ్బంది లేకపోలేదు: అంత కింది నుంచి చూస్తే దూరపు చాపలు సన్నని పట్టీలుగా అణిగిపోతాయి, వాటి అమరిక చదవడం కష్టమవుతుంది. ఆ చాపల అంచున ముదురు గుడ్డ పట్టీ ఉంటుంది కదా, దాన్ని స్పష్టంగా వేస్తే ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఒకే వైపుకు పరిచిన చాపలన్నింటికీ ఒకే దిశలో కర్ణాలు గీసి చూడండి, అవన్నీ క్షితిజరేఖ మీద ఒకే బిందువుకు చేరాలి. చేరకపోతే అది అధివాస్తవికత అనిపించుకోదు, ఉత్త తప్పు అనిపించుకుంటుంది.

పాతకుంచె

వెలుతురు సంగతి చెబుతాను. ఆ ఇళ్లకు చూరు బాగా ముందుకు ఉంటుంది, దాని కింద ఎంగావ అనే చెక్క వసారా ఉంటుంది. అందువల్ల ఎండాకాలపు ఎండ నేరుగా గదిలోకి రాదు. తోట నేల మీద పడిన వెలుగు కింది నుంచి పైకి తిరిగి వచ్చి కాగితానికి తగులుతుంది, కాగితం దాన్ని అన్ని వైపులకూ చెదరగొడుతుంది. కాబట్టి గదిలో అన్నింటికన్నా వెలుగ్గా ఉండేవి షోజి పక్కనున్న చాపలు, చీకటిగా ఉండేవి పైకప్పు చెక్కలు, టొకొనోమ లోపలి మూల. వస్తువు నీడ దాని అడుగున మాత్రమే ముదురుగా ఉండి, జానెడు దూరం పోయేలోపే నేలలో కలిసిపోతుంది. ఒక్క నీడకైనా కత్తితో కోసినట్టు అంచు వేశారో, గదిలో ఎక్కడో విద్యుద్దీపం ఉందని చూసేవారికి తోస్తుంది.

షోజి కాగితాన్ని ఉత్త టైటానియం వైట్‌తో వేయకండి. కాగితం వెలుగుతున్నట్టు కనిపించేది దాని తెలుపు వల్ల కాదు, ఎదురు వెలుగులో నల్లబడిన చట్రపు పుల్లల వల్ల. తెలుపులో కాస్త యెల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపితే చాలు. మసకను మాత్రం ఒక్క పూతలో తేలేరు. రా అంబర్ (గోధుమ రంగు), అల్ట్రామెరైన్ (నీలం) కలిపి పలుచని పొరలుగా, ఒక పొర ఆరాక మరొకటి వేయండి, కింది పొరలలో నూనె తక్కువగాను పై పొరలలో ఎక్కువగాను ఉండేలా చూసుకోండి.

తతామి రంగు విషయం కూడా గమనించండి. కొత్త చాప పచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. పెట్టె ఏదైనా చాలాకాలం ఒకేచోట ఉండి, తరువాత దాన్ని జరిపితే, ఆ అడుగున మాత్రం పచ్చటి ముక్క మిగిలి ఉంటుంది. రంగు వెలిసిన నేల మీద, మోకాళ్లు మడిచి కూర్చున్న మనిషి అడుగు భాగం ఆకారంలో ఒక పచ్చటి జాగా వేశారనుకోండి, మీ వింత అక్కడే ఉంది. చేపల అవసరం లేదు.

కామోతీరం

నేను క్యోటోలో ఉంటున్నాను, అందుకే మీ చివరి వాక్యం నన్ను ఆపింది. పాతకుంచె గారు చెప్పిన షోజికి ఒక చిన్న విషయం చేర్చాలి. కాగితాన్ని చట్రానికి బయటి వైపున అతికిస్తారు. గదిలో కూర్చున్నవారికి పుల్లలు ముందు, కాగితం వాటి వెనక కనిపిస్తాయి. పగటిపూట బయటి నుంచి చూస్తే చదునైన తెలుపు కనిపిస్తుంది. చిల్లు పడితే చాలామంది పువ్వు ఆకారంలో కాగితం కత్తిరించి అతుకు వేస్తారు. మీరు గది లోపలి నుంచి చూపిస్తూ షోజిని తిరగేసి, కాగితం వైపు మనకు కనిపించేలా వేస్తే, ఆ ఇంటికి అలవాటైనవారికి గది తోట అయిందనీ, తోట గది అయిందనీ అనిపిస్తుంది. అలవాటు లేనివారికి ఏమీ తెలియదు, అదే దానిలోని లోపం.

ఇక జాగ్రత్త పడవలసిన సంగతి. అధివాస్తవికత పేరిట వస్తువులను తలకిందులు చేయడం మనకు సులభంగా తోస్తుంది. కానీ ఇక్కడ తలకిందులు చేయడానికి ఇదివరకే అర్థం ఉంది. మరణించినవారి పక్కన మడత తెరను తలకిందులుగా నిలిపే ఆచారం ఉంది. చాపలను నాలుగు మూలలు కలిసేలా గళ్లుగా పరచడం పాత మర్యాదలో అశుభకార్యాలకు చెందినది, విశాలమైన మందిరాలలో అలా పరచడం వేరే సంగతి. కాబట్టి తలకిందుల తెరను మీరు కలగా వేసినా, ఇక్కడివారు దాన్ని చావు ఇల్లుగా చదువుతారు. అదే మీ ఉద్దేశమైతే వేయండి.

నాకు తోచినది మరొకటి ఉంది. ఇక్కడి నిజో కోట నినోమారు ప్రాసాదంలో, 1626లో చక్రవర్తి రాక కోసం కానో తన్‌యూ అనే చిత్రకారుడి బృందం వేసిన పెద్ద పైన్ చెట్లు ఉన్నాయి. అవి బంగారు రేకుల నేపథ్యం మీద ఒక తలుపు నుంచి మరొక తలుపుకు, అక్కడి నుంచి పై గోడకు పాకుతాయి. ఏ ఫుసుమనైనా పక్కకు జరిపితే ఒక బొమ్మ మరొకదాని వెనక్కు పోతుంది, కొమ్మ తెగుతుంది. మీ చిత్రంలో తలుపు జరిగినా కొమ్మ తెగకుండా, ఖాళీలో అలాగే నిలిచి ఉంటే?

పటచరిత్ర

గీతలబడి గారితో ఒక్కచోట విభేదిస్తాను. వానిషింగ్ పాయింట్ (దూరం పోయే గీతలన్నీ కలిసే బిందువు) తప్పితే ఉత్త తప్పే అనడం యూరపు లెక్క. ‘గెంజి’ కథకు 12వ శతాబ్దంలో వేసిన చిత్రపటాలలో పైకప్పునే తీసేసి, పై నుంచి ఏటవాలుగా గదిలోకి చూపిస్తారు. సమాంతర రేఖలు ఎంత దూరం పోయినా కలవవు. దానికి ఫుకినుకి యతాయి అని పేరు. గీతలన్నీ ఒకే చోట కలిసే ఏక బిందువు పర్‌స్పెక్టివ్‌తో గదులను వేసిన ముద్రణ చిత్రాలు 1740ల ప్రాంతంలో ఒకుమురా మసనోబు వంటివారి చేతుల్లో వచ్చాయి. అయితే గెంజి కాలపు గదులలో నేల చెక్కది, చాపలు కూర్చునే చోట మాత్రమే పరిచేవారు. గదంతా పరచడం తరువాతి అలవాటు. ఆ చూపును తీసుకుంటే ఆ నేలను కూడా తీసుకోవడం మేలు.

జపానులోనే అధివాస్తవిక దారిలో నడిచినవారున్నారని కూడా గుర్తుంచుకోండి. కోగా హరుయే 1929లో ‘సముద్రం’ వేశారు. క్యోటోకు చెందిన కితవాకి నొబొరు 1937లో మేపుల్ విత్తనాన్ని విమానంగా మార్చారు. ఆ చిత్రంలో చెర్రీ పూలూ లేవు, ఫుజి పర్వతమూ లేదు. 1941లో చిత్రకారుడు ఫుకుజావా ఇచిరో, కవి తకిగుచి షూజోలను పోలీసులు అరెస్టు చేసేంతగా అక్కడి ప్రభుత్వం ఈ ఉద్యమాన్ని అనుమానించింది.

కుంచెపని

అందరికీ కృతజ్ఞతలు. కామోతీరం గారి పైన్ కొమ్మనే తీసుకుంటున్నాను. షోజిని సరిగ్గానే ఉంచుతాను, చేపలను తీసేశాను. పటచరిత్ర గారి ఏటవాలు చూపు ఆకర్షించింది కానీ, అందులో కూర్చున్న కన్ను పోతుంది. ఇప్పుడు సందేహమల్లా ఒక్కటే: తెరిచిన ఫుసుమ వెనక చీకటి గది కనిపిస్తుంది, కొమ్మ ఆ ఖాళీలో ఉంటుంది. దానికి నీడ వేయాలా?

గీతలబడి

వేయకండి. వెనక గది చాపల మీద కొమ్మ నీడ పడిందంటే అది గదిలోకి పెరిగిన నిజమైన కొమ్మ అవుతుంది, మీరు వద్దనుకున్న చెర్రీ చెట్టు కథే మళ్లీ వస్తుంది. నీడ లేకపోతే అది బొమ్మగానే ఉంటుంది, బొమ్మ నిలవడానికి తలుపు మాత్రం ఉండదు. బంగారు నేపథ్యాన్ని తలుపు అంచు దగ్గర ఖచ్చితంగా ఆపేయండి, కొమ్మను, దాని ఆకులను మాత్రమే దాటించండి. తలుపులు ఎదుటి గోడకే ఉన్నాయి కాబట్టి కొమ్మకు పర్‌స్పెక్టివ్ కుదింపు (దూరం పోయేకొద్దీ చిన్నదిగా వేయడం) అక్కర్లేదు. పక్క గోడకు ఉంటే ఖాళీలోని భాగాన్ని ఏ కోణంలో వేయాలో తేల్చుకోలేక ఇబ్బంది పడేవారు.

పని వరుస మాత్రం పాటించండి. ముందు చీకటి గదిని పూర్తిగా, కొమ్మ లేనట్టే వేసి ఆరనివ్వండి. ఆ తరువాత కొమ్మను తలుపు మీది భాగం నుంచి ఖాళీ దాకా ఒకే రోజు, ఒకే రంగు ముద్దతో, కుంచె మార్చకుండా లాగండి. రెండు విడతలుగా వేస్తే అతుకు సరిగ్గా తలుపు అంచు దగ్గరే పడుతుంది, అక్కడ పడితే ఎంత గ్లేజ్ (పలుచని పారదర్శక పూత) వేసినా దాగదు.