88 ఏళ్ల పెద్దాయన ముక్కు పక్కన నల్లటి గడ్డ: ముక్క పరీక్షకు పంపాలా?

ప్రశ్న – పీహెచ్‌సీ డాక్టర్, పలమనేరు వైపు

గుండె పంపింగ్ 25 శాతం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.2 (బాగా ఎక్కువ), ఈ ఏడాది మూడుసార్లు ఆస్పత్రిలో చేరాడు. ఒకరు పట్టుకుంటేనే బాత్రూమ్ దాకా పోగలడు. రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాడు. ముక్కు పక్కన 8 మి.మీ. గడ్డ. అంచు ముత్యంలా మెరుస్తోంది, రెండేళ్లుగా మెల్లగా పెరుగుతోంది. నొప్పి లేదు, రక్తం రాదు. తిరుపతికి పంపితే రానూపోనూ రోజంతా పడుతుంది. కొడుకేమో "క్యాన్సరా కాదా తేల్చేయండి సార్" అంటున్నాడు.

జవాబు 1 – చర్మ వైద్యుడు, తిరుపతి

మీరు చెప్పింది వింటే బేసల్ సెల్ కార్సినోమా (మెల్లగా పెరిగే చర్మ క్యాన్సర్) అనిపిస్తోంది. మన ఒంటి రంగుకు అది తరచూ నల్లగానే వస్తుంది, నలుపు చూసి మెలనోమా (త్వరగా పాకే చర్మ క్యాన్సర్) అని బెదరనక్కర్లేదు. ఇది వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. ఏడాదికి సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది.

వయసు సంగతి పక్కన పెట్టండి. రిపోర్టు వస్తే ఏం చేస్తారో ముందు తేల్చుకోండి. ఆపరేషన్‌కో, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడానికో ఆయన ఒప్పుకోకపోతే ముక్క తీసి లాభం లేదు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, మూడు నెలలకోసారి పోల్చండి.

ఒక్కటి అడగాలి: కంటి లోపలి మూలకు ఎంత దూరం? అక్కడికి చేరితే లెక్క మారుతుంది. పెదవి, చెవి మీద గట్టి గడ్డ, వారాల్లో రెట్టింపయ్యేది, పాత కాలిన మచ్చలో మానని పుండు, అరికాలిలో నల్లమచ్చ: వీటిని ఇలా వదిలేయకండి. స్క్వామస్ రకం చర్మ క్యాన్సరైతే నెలల్లోనే నొప్పి, రక్తం, వాసన మొదలవుతాయి. ఏడాదే బతికే మనిషికైనా అది బాధే.

జవాబు 2 – సర్జన్

తీయాలనుకుంటే మీ దగ్గరే తీయొచ్చు. లిగ్నోకైన్ విత్ అడ్రినలిన్ (రక్తం కారడం కూడా తగ్గించే మత్తు ఇంజెక్షన్) ఇచ్చి పది నిమిషాలు ఆగండి. చాలామంది ఆగరు, రక్తం కారుతోందని తర్వాత కంగారు పడతారు. 4 మి.మీ. పంచ్‌తో (గుండ్రటి బ్లేడు) ఉబ్బిన అంచు నుంచి తీయండి. పుండు మధ్యలో తీస్తే చచ్చిన కణాలే వస్తాయి, రిపోర్టు "చెప్పలేం" అని తిరిగొస్తుంది. ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి, సెలైన్‌లో కుళ్లిపోతుంది. క్లోపిడోగ్రెల్ ఆపొద్దు. ఈ చిన్న గాయానికి ఒత్తి పట్టుకుని ఒక కుట్టు వేస్తే చాలు, స్టెంట్ ఉంటే మందు ఆపడమే ప్రమాదం.

ఇంకోటి, ముక్క రిపోర్టు లేకుండా రేడియేషన్ వాళ్లు మొదలుపెట్టరు, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) అప్రూవల్ కూడా రాదు. చికిత్స కావాలంటే పరీక్ష తప్పదు.

ప్రశ్న వేసినవారు

కంటి మూలకు 2 సెం.మీ. పైనే ఉంది సార్. పుండు పడితే ఇంట్లో వాళ్లు ఏం చేయాలి?

జవాబు 3 – పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే) నర్సు

ఉప్పునీళ్లతో కడిగి, మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా నూరి చల్లమనండి, వాసన తగ్గుతుంది. పైన వ్యాజిలిన్ రాసిన గాజుగుడ్డ పెట్టాలి. ఉత్త గాజుగుడ్డ అంటుకుంటే పీకేటప్పుడు మళ్లీ రక్తమే. రక్తం వస్తే వేలితో పది నిమిషాలు వదలకుండా నొక్కాలి, మధ్యలో తీసి చూడకూడదు. ఈగలు వాలకుండా కట్టు కప్పే ఉంచాలి. పురుగు పడితే టర్పెంటైన్ ఇంట్లో పోయొద్దని గట్టిగా చెప్పండి, కన్ను పక్కనే ఉంది. కట్టు మార్చేటప్పుడు నొప్పంటే అరగంట ముందు పారాసిటమాల్. క్రియాటినిన్ 3.2కి డైక్లోఫెనాక్ (నొప్పి మాత్ర) ముట్టుకోవద్దు.

కొడుకుతో పాటు పెద్దాయన్ని కూడా అడిగారా సార్? చెవులు వినిపిస్తే ఆయన మాటే ముందు.