దస్తగిరి అని పేరు పెట్టొచ్చా? అసలు అర్థం ఏంటి?

ప్రొద్దుటూరు నాయన:
అందరికీ సలాం, నమస్కారం. మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె, దూదేకులోళ్లం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పోయిన వారం మాకు బాబు పుట్టినాడు. మా జేజినాయన పేరు దస్తగిరి, ఆ పేరే పెట్టాలని మా నాయన ఒకటే పట్టు. మా ఆడోళ్ల తరఫు వాళ్లేమో అది పాత పేరు, అరబీ పేరే కాదు, ఖురాన్‌లో యాడా లేదు అంటాండారు. చివర గిరి ఉంది కదా, ఏదో కొండ పేరయ్యుంటుందని మా బామ్మర్ది. ఊర్లో హిందువుల్లోనూ దస్తగిరిలు, దస్తగిరమ్మలు ఉన్నారు కాబట్టి నాకూ ఏమీ తేలడం లేదు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్, తెలిసినవాళ్లు చెప్పండప్పా.

కర్నూలు ఉర్దూ మాస్టర్:
ముందుగా ముబారక్ తమ్ముడూ. కొండకూ ఈ పేరుకూ సంబంధం లేదు. ఇది ఫార్సీ మాట, దస్త్ అంటే చెయ్యి, గీర్ అంటే పట్టుకునేవాడు. ఆపదలో చెయ్యి పట్టుకుని లేపేవాడు, ఆదుకునేవాడు అని అర్థం. తెలుగు నోట్లో చివర ఇకారం చేరి దస్తగిరి అయింది, మా ఇళ్లల్లో ఉర్దూలో ఇప్పటికీ దస్తగీర్ అనే అంటాం. ఈ రెండు ముక్కలూ నీకు తెలిసినవే, దస్కత్తులో, దస్తావేజులో ఉన్నది ఈ దస్తే, జాగీరులో, జహంగీర్‌లో ఉన్నది ఈ గీరే.

ఇది మొదట ఒక మహనీయుడి బిరుదు. హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ గారు 1077-78 ప్రాంతంలో ఇరాన్‌లోని గీలాన్‌లో పుట్టి, పద్దెనిమిదేళ్ల వయసులో చదువుకోసం బాగ్దాద్ వెళ్లి, 1166లో అక్కడే కన్నుమూశారు. ఖాదిరియా సూఫీ మార్గం ఆయన పేరు మీదిదే. పీరానెపీర్, గౌసె ఆజం, మహబూబె సుభానీ అన్నీ ఆయన బిరుదులే, అంటే మన వీధుల్లో కనిపించే మహబూబ్ సుభానీలూ దస్తగిరిలూ అందరూ ఒకే ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు. శ్రీనగర్ ఖాన్యార్‌లో దస్తగీర్ సాహెబ్ దర్గా ఉందే, అదీ ఆయన పేరు మీదే కట్టినది, 2012లో కాలిపోతే మళ్లీ కట్టారు.

అనంతపురం దస్తగిరి:
అన్నా, నా పేరే దస్తగిరి, మేము హిందువులం. మా అమ్మకు బిడ్డలు నిలవకపోతే మా అవ్వ దస్తగిరి స్వామికి మొక్కుకుందంట, నేను నిలిచినాక ఈ పేరు పెట్టినారు. గ్యార్మీ, అంటే ఆ స్వామి పేరు మీద చేసే పదకొండో రోజు పండగ, వచ్చిందంటే మా అవ్వ తలకు పోసుకుని, రొట్టెలూ బెల్లమూ కలిపి మలీద ముద్దలు చేసి, చక్కెర కూడా తీసుకుని సాయిబును పిలిపించి చదివింపులు చేయించేది, ఆ ముద్దలు వాకిలి వాకిలికీ పంచేది నేనే. బడిలో గానీ ఆఫీసులో గానీ ఈ పేరు వల్ల నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ధైర్యంగా పెట్టుకోండి.

కడప నుంచి:
సలాం భాయ్. ఒక మాట చెప్పాలి, తప్పుగా అనుకోవద్దు. ఆపదలో ఆదుకునేవాడు అల్లాహ్ ఒక్కడే, ఆ గుణం మనిషికి అంటగట్టకూడదని మాలో చాలామంది నమ్ముతాం, అందుకే కొందరు ఆ బిరుదు వాడరు. ఆ మహనీయుడి మీద గౌరవం ఉంటే ఆయన అసలు పేరు అబ్దుల్ ఖాదర్ పెట్టండి, సర్వశక్తిమంతుడి దాసుడు అని అర్థం, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కర్నూలు ఉర్దూ మాస్టర్:
కడప భాయ్ చెప్పింది నమ్మకానికి సంబంధించిన మాట, దాన్ని గౌరవిస్తాను. కానీ ఫార్సీలో దస్తగీర్ అంటే సాయపడే మనిషి అని మామూలు వాడుక కూడా ఉంది, బిడ్డ నలుగురికీ సాయపడేవాడు కావాలని పెట్టుకుంటే తప్పేముంది? ఇక ఖురాన్‌లో లేదనడం అసలు కారణమే కాదు. అబూబకర్, ఉమర్, అలీ, హసన్, హుసేన్ పేర్లు ఏవైనా ఖురాన్‌లో ఉన్నాయా? సహాబాల్లో, అంటే ప్రవక్త గారి సహచరుల్లో, అక్కడ పేరుతో కనిపించేది జైద్ ఒక్కరే. అయినా అలీ, హసన్ అని పెట్టుకోవడానికి ఎవరూ వెనకాడరు. అరబీ కాకపోవడమూ అంతే, రుస్తుం, ఫిరోజ్, షానవాజ్ ఫార్సీవే.

ప్రొద్దుటూరు నాయన:
చాలా థ్యాంక్స్ అన్నా, ఇదంతా మా నాయనకు చదివి వినిపించినా, ఆయనకు కండ్లలో నీళ్లొచ్చినాయి, జేజినాయన పేరుకు ఇంత అర్థముందని ఆయనకూ తెలీదు. అబ్దుల్ ఖాదర్ దస్తగిరి అని రెండూ కలిపితే మా ఆడోళ్ల తరఫు వాళ్లూ ఒప్పుకునేట్టున్నారు. జనన ధ్రువీకరణ పత్రంలో పేరు ఇప్పుడే రాయించాల్నా?

అనంతపురం దస్తగిరి:
తొందరేం లేదన్నా. జననం మాత్రం 21 రోజుల్లోపల నమోదు చేయించండి, పేరు ఏడాదిలోపు ఎప్పుడైనా ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే ఫీజు కట్టాల. ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రం ముందే ఒకటి ఖాయం చేసుకోండి. టి పక్కన హెచ్ ఉండాల్నా వద్దా అన్నది నా పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా పడి, పాస్‌పోర్టుకు పోయినప్పుడు కాళ్లరిగేలా తిరిగినా.