రాశుల బొమ్మలతో కలంకారీ చీర: ఎవరైనా వేయించుకున్నారా?

స్వాతి_నెల్లూరు:
మా అక్క పెళ్లికి పన్నెండు రాశుల బొమ్మలతో శ్రీకాళహస్తి కలంకారీ చీర వేయించాలని ఉంది. నెట్‌లో వెతికితే అన్నీ పాశ్చాత్య బొమ్మలే. మకరమంటే మేక తల, చేప తోక. అది బాబిలోనియా నాటి రూపం, బాగానే ఉంటుంది కానీ కలంకారీ గీతలో ఇమడదనిపిస్తోంది. మన రూపాలు ఎక్కడ దొరుకుతాయి?

కలం_పట్టిన_చెయ్యి:
స్వాతి గారూ, వరాహమిహిరుడి బృహజ్జాతకం మొదటి అధ్యాయం చూడండి. 6వ శతాబ్దపు జ్యోతిష గ్రంథం. బొమ్మ వేసేవాళ్లకి అందులో ఒక్క శ్లోకం చాలు. మిథునం అంటే గద పట్టిన మగవాడు, వీణ పట్టిన ఆడది. కన్య పడవలో ఉంటుంది, చేతుల్లో పైరూ నిప్పూ. మకరానికి జింక మొహం. ధనుస్సు నడుం కింద గుర్రం, పైన విలుకాడు. రాశులు గ్రీకుల నుంచి వచ్చాయంటారు కదా, ఆ పోలిక ఇక్కడ తెలుస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం ఆ పడవలో కన్య. ఇంత చక్కటి బొమ్మని వదిలేసి అందరూ ఉత్త అమ్మాయి మొహం వేయించుకుంటారు!

శృంగేరి విద్యాశంకర ఆలయంలో పన్నెండు రాశి స్తంభాలున్నాయి. వీలైతే వెళ్లి చూడండి.

వెండి_కడియం:
నేను చీర కాదు, మకరం తలల కడియం చేయించుకున్నాను. మకరం గంగమ్మకీ వరుణుడికీ వాహనం, మన్మథుడి జెండా మీద గుర్తు, విష్ణువు చెవులకి కుండలాలు. నగకి ఇంతకన్నా తగిన రాశి లేదు. ఒక్కటే జాగ్రత్త: మూతి కొస మొనదేలి ఉంటే చున్నీ దారాలు లాగేస్తుంది. కంసాలికి చెప్పి గుండ్రంగా అరగదీయించండి.

రోహిణి_హైదరాబాద్:
పన్నెండు రాశులే ఎందుకండీ? చంద్రుడూ ఇరవై ఏడు నక్షత్రాలూ వేయించండి. ఆ నక్షత్రాలే దక్షుడి కూతుళ్లు. అందరినీ పెళ్లాడి చంద్రుడు రోహిణి దగ్గరే ఉండిపోయాడని మామ శపిస్తే క్షీణించాడు, శివుడు తల మీద పెట్టుకున్నాడు. నా చున్నీకి మధ్యలో పది గుర్రాల రథం మీద చంద్రుడు, అంచుల్లో ఇరవై ఏడు చుక్కలు వేయించాను. రోహిణి చుక్కొక్కటే ఎర్రగా.

స్వాతి_నెల్లూరు:
రోహిణి గారూ, పెళ్లి చీర మీద మామగారి శాపం అంటే అమ్మ ఒప్పుకోదు 🙂 కానీ ఎర్ర చుక్క ఆలోచన తీసుకుంటాను, అక్కది రోహిణి ఉండే వృషభ రాశే. బొమ్మలు చీరంతా వేయించనా?

కలం_పట్టిన_చెయ్యి:
వద్దు. కుచ్చిళ్లలో పడ్డ బొమ్మ ఎవరికీ కనిపించదు. పన్నెండూ పైటకే పెట్టండి, ఒక్కొక్కటి కనీసం అరచెయ్యంత. అంతకన్నా చిన్నదైతే వీణ తీగలు, కంకి గింజలు కలంతో పలకవు. గుడ్డని కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టేది రంగు పాకకుండానే, అయినా వెదురు కలం గీతకి ఒక లావు ఉంటుంది. నలుపు ఇనుమూ బెల్లమూ పులియబెట్టి తీసింది, గీశాక చెరపలేం. ఎరుపు పటిక రాసిన చోటే పడుతుంది. అందుకని కన్య చేతిలో నిప్పు, రోహిణి చుక్క, ఏవేవి ఎర్రగా కావాలో బొగ్గుతో గీసినప్పుడే కూర్చుని చెప్పేయండి. ఉడకబెట్టాక మార్చడం కుదరదు.


స్వాతి_నెల్లూరు:
వచ్చే వారం కాళహస్తి వెళ్తున్నాం. శ్లోకం రాసుకుని తీసుకెళ్తాను.