సీటీఈ ప్రోగ్రాముల పనితీరు: రాష్ట్రం లెక్క వచ్చేదాకా ఆగకుండా ఏడాది పొడవునా ఎలా గమనించాలి?

జిల్లాడెస్క్ (ప్రశ్న)

నమస్కారం అండి. అమెరికాలో నాలుగు హైస్కూళ్లు, తొమ్మిది సీటీఈ (వృత్తి, సాంకేతిక విద్య) ప్రోగ్రాములు ఉన్న ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, వాటికి నిధులిచ్చే ఫెడరల్ చట్టం పెర్కిన్స్ 5 కింద పనితీరు లెక్కలు చూసే బాధ్యత నాది. ఈసారి రాష్ట్రం నుంచి వచ్చిన పట్టికలో 3ఎస్1, అంటే హైస్కూలు దాటాక ప్లేస్‌మెంట్, గీత కిందికి పడింది. మా లక్ష్యం 80 శాతం. కాన్సంట్రేటర్లు, అంటే ఒకే ప్రోగ్రాములో రెండు కోర్సులైనా పూర్తి చేసినవాళ్లు, 200 మంది. చదువులోనో, ఉద్యోగంలోనో, సైన్యంలోనో ఉన్నట్టు ఆధారం దొరికినవాళ్లు 138. ఏమీ చేయడం లేదని తేలినవాళ్లు 22. మిగతా 40 మంది ఆచూకీ లేదు. 5ఎస్1, అంటే సర్టిఫికెట్లు, అంచు మీద ఉంది.

అడగాలనుకున్నవి మూడు. ఒకటి, ఆచూకీ లేని 40 మందిని హారంలోంచి తీసేస్తే 86 శాతం వస్తుంది, అలా తీయొచ్చా? రెండు, పట్టిక వచ్చేసరికి ఆ పిల్లలు బడి దాటి ఏడాది గడిచిపోతోంది. ముందే పసిగట్టడానికి ఏమేం చూడాలి? మూడు, ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ తప్పదా?

హారంలెక్క

లక్ష్యంలో కనీసం 90 శాతం అందాలన్నది నియమం, మొదట ఆ లెక్క సరిచూసుకోండి. లక్ష్యం 80 అయితే గీత 70 దగ్గర ఉండదు, 72 దగ్గర ఉంటుంది. లక్ష్యంలోంచి పది తీసేయడం చాలామంది చేసే పొరపాటు. మీది 138, అంటే 69 శాతం. 72కి చేరాలంటే 144 కావాలి. తేడా ఆరుగురు. ఆచూకీ లేని 40 మందిలో ఆరుగురికి ఆధారం దొరికితే గీత దాటేవారు.

వాళ్లను హారంలోంచి తీసే అధికారం డిస్ట్రిక్ట్‌కి లేదండి. చట్టంలో కొలత కాన్సంట్రేటర్లందరి మీదా ఉంది, జవాబు ఇచ్చినవాళ్ల మీద కాదు. జవాబు రానివాళ్లను ఎలా చూడాలో మీ రాష్ట్రం హ్యాండ్‌బుక్‌లో రాసి ఉంటే దాన్ని అక్షరాలా పాటించండి. రాసి లేకపోతే హారంలోనే ఉంచండి.

అసలు విషయం మీ రెండో ప్రశ్నలో ఉంది. పెర్కిన్స్ రేట్లన్నీ కాన్సంట్రేటర్ అయ్యాకే మొదలవుతాయి. హైస్కూలు స్థాయిలో కాన్సంట్రేటర్ అంటే ఒకే ప్రోగ్రాములో కనీసం రెండు కోర్సులు పూర్తి చేసిన విద్యార్థి. ఒక్క కోర్సు పూర్తి చేస్తే పార్టిసిపెంట్ మాత్రమే. మొదటి కోర్సు అయ్యాక ప్రోగ్రాము వదిలేసిన పిల్ల ఏ రేటులోనూ కనపడదు. అంటే మొదటి కోర్సు దగ్గరే సగంమందిని పోగొట్టుకునే ప్రోగ్రాముకు కూడా పట్టికలో మంచి అంకెలు రావొచ్చు. కాబట్టి మీరు ముందు గమనించాల్సింది ఆ గడప.

ప్రోగ్రామువారీగా ఈ లెక్క తీయండి. పోయినేడు మొదటి కోర్సు పాసై, ఈ ఏడు ఇంకా బడిలో ఉన్నవాళ్లు ఎంతమంది? వాళ్లలో అదే ప్రోగ్రాము రెండో కోర్సులో చేరినవాళ్లు ఎంతమంది? 48 మందిలో 20 మందే చేరారనుకోండి, కారణం వెతకండి. మాటిమాటికీ కనపడే కారణాలు రెండు. రెండో కోర్సుకు ఒకే సెక్షన్ ఉండి, అది తప్పనిసరి మ్యాథ్స్ పీరియడ్‌తో ఢీకొట్టడం. లేదా టైంటేబుల్లో ఖాళీ పూడ్చడానికి పిల్లలను మొదటి కోర్సులో వేయడం. మొదటిది మాస్టర్ షెడ్యూల్ మారిస్తే పోతుంది. రెండోది కౌన్సెలింగ్‌లో సరిచేయాలి. ఈ లెక్కనే బాలురు, బాలికలు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లు అని విడగొట్టి చూడండి. గడప దగ్గర ఎవరు ఆగిపోతున్నారో అప్పుడు తెలుస్తుంది.

జాబితాలో తప్పులు ఎక్కువగా ఎక్కడ దొర్లుతాయంటే:

– హెల్త్ సైన్స్‌లో ఒకటి, వెల్డింగ్‌లో ఒకటి తీసుకున్న విద్యార్థిని కాన్సంట్రేటర్‌గా లెక్కించడం. రెండూ ఒకే ప్రోగ్రాములో ఉండాలి.
– చేరడాన్నే పూర్తి చేయడంగా తీసుకోవడం. ఫెయిలైన కోర్సు లెక్కలోకి రాదు.
– వేరే డిస్ట్రిక్ట్ నుంచి బదిలీ అయి వచ్చినవాళ్ల పాత కోర్సు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నా, మీ కోడ్‌కి జతచేయకపోవడం.
– కోర్సు కోడ్ పాత ప్రోగ్రాము కిందే ఉండిపోవడం. కెరీర్ క్లస్టర్ల (ప్రోగ్రాములను వర్గీకరించే వృత్తి సమూహాల) చట్రాన్ని 2024లో 16 నుంచి 14కి మార్చారు. మీ రాష్ట్రం కొత్త చట్రానికి మారే ఏడాది ఈ జత చేసే పట్టికను వరుసవరుసగా సరిచూడాలి. లేకపోతే మొదటి కోర్సు ఒక ప్రోగ్రాములో, రెండోది ఇంకోదాంట్లో పడి, నిజమైన కాన్సంట్రేటర్ జాబితాలోంచి జారిపోతాడు.

ఇదంతా సెప్టెంబర్ ఆఖరుకు అయిపోవాలి. జూన్‌లో సరిచేద్దామంటే పిల్లలు ఉండరు, రిజిస్ట్రార్‌కు తీరిక ఉండదు.

పిలుపుపట్టిక

3ఎస్1 గురించి చెప్తాను. హైస్కూలు వదిలిన తర్వాత రెండో త్రైమాసికంలో విద్యార్థి ఎక్కడున్నాడనేదే కొలత. జూన్‌లో గ్రాడ్యుయేట్ అయితే మొదటి త్రైమాసికం జూలై నుంచి సెప్టెంబర్, రెండోది అక్టోబర్ నుంచి డిసెంబర్. ఆగస్టులో ఫోన్ చేసి "కాలేజీలో చేరతాను" అన్న జవాబు తీసుకుంటే అది చెల్లదు. ఫిబ్రవరిలో చేస్తే ప్రశ్నను "అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో ఏం చేస్తున్నారు" అని అడగాలి, "ఇప్పుడు" అని కాదు.

ఆచూకీ పోవడానికి నేను చూసిన మేరకు మొదటి కారణం బడి ఈమెయిల్. గ్రాడ్యుయేషన్ అయ్యాక ఆ ఖాతా మూసేస్తారు, సర్వే అక్కడికే వెళ్తుంది. మే నెలలో ఎగ్జిట్ ఫారం పెట్టండి. అందులో సొంత ఈమెయిల్, సొంత ఫోను, తల్లిదండ్రుల్లో ఒకరి నంబరు, ఇల్లు మారినా తెలిసే బంధువు నంబరు ఒకటి ఉండాలి. తర్వాత ఏం చేయాలనుకుంటున్నారో కూడా రాయించండి, ఎవరిని ఎక్కడ వెతకాలో దాన్నిబట్టే తేలుతుంది. గ్రాడ్యుయేషన్ గౌను ఇచ్చే రోజునే ఈ ఫారం తీసుకుంటే ఎవరూ తప్పిపోరు.

వెతికే వరుస ముఖ్యం. ముందు, కాలేజీల్లో చేరినవాళ్ల రికార్డులు ఉంచే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ ఫైలు తెప్పించండి. కాలేజీలో చేరినవాళ్లలో ఎక్కువమంది అక్కడే దొరుకుతారు. పేరులో హైఫన్, రెండు ఇంటిపేర్లు, పుట్టిన తేదీ తప్పు ఉంటే జత కుదరదు కాబట్టి, దొరకనివాళ్లను పేరు సరిచేసి మళ్లీ పంపాలి. ఆ తర్వాత రాష్ట్ర ఉపాధి శాఖ దగ్గరున్న నిరుద్యోగ బీమా వేతన రికార్డులు. వీటిని డిస్ట్రిక్ట్ నేరుగా తీసుకోలేదు, రాష్ట్ర విద్యాశాఖ ఒప్పందం ద్వారా రావాలి. ఇందులో సొంత పని చేసుకునేవాళ్లు, ఫెడరల్ ఉద్యోగులు, సైన్యంలో చేరినవాళ్లు, పక్క రాష్ట్రంలో పనిచేసేవాళ్లు ఉండరు. నిర్మాణం, ఆటో, కాస్మటాలజీ ప్రోగ్రాముల పిల్లలు సొంతంగా పని చేసుకుంటుంటే ఈ రికార్డుల్లో పని లేనట్టే కనపడతారు. అందుకే ఆ ప్రోగ్రాములకు ఫోన్లు ముందు చేయండి.

మిగిలినవాళ్లకు ఫోన్. వేర్వేరు వారాల్లో, వేర్వేరు వేళల్లో, మూడుసార్లన్నా ప్రయత్నించాలి. చేసేది ఆ ప్రోగ్రాము టీచరే అయితే మంచిది, తెలియని నంబరును ఎవరూ ఎత్తరు. ప్రతి ప్రయత్నానికీ తేదీ, చెప్పినవాళ్లు ఎవరు, ఏం చెప్పారు అని ఒక వరుస రాసి పెట్టండి. రివ్యూ వచ్చినప్పుడు 138కి ఆధారం అడిగితే ఆ వరుసలే చూపాలి.

ఒక్క విషయంలో హారంలెక్క గారి మాటకు కొంచెం చేర్పు. రాష్ట్రానికి పంపే రేటులో 40 మంది ఉండాల్సిందే. డిస్ట్రిక్ట్ లోపల చూసుకునేటప్పుడు మాత్రం రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి: 200 మీద 69, ఆచూకీ తెలిసిన 160 మీద 86. ఒక ప్రోగ్రాములో రెండూ తక్కువైతే పిల్లలకు పని దొరకడం లేదు. మొదటిదే తక్కువైతే మన వెతుకులాట బాగోలేదు. మందు వేరు.

హారంలెక్క

లోపల చూసుకోవడానికైతే ఒప్పుకుంటాను. కానీ 86ని బోర్డు ముందు విడిగా పెట్టొద్దు. ఆచూకీ దొరకనివాళ్లలో పని లేనివాళ్ల పాలు ఎక్కువ ఉండే అవకాశం ఉంది. 86 చూసి అంతా బాగుందనుకుంటే ఆ పిల్లలకే అన్యాయం.

సర్టిఫికెట్_గది

5ఎస్1 గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను. హైస్కూలు గ్రాడ్యుయేట్ అయిన కాన్సంట్రేటర్లలో గుర్తింపు ఉన్న క్రెడెన్షియల్ సంపాదించినవాళ్ల శాతం ఇది. ఏది చెల్లుతుందో రాష్ట్రం జాబితా చెప్తుంది. ఆ జాబితాను ఏటా జూలైలో కొత్తగా దింపుకోండి, పోయినేడు ఉన్నది ఈ ఏడు ఉండకపోవచ్చు. ఓషా (పని స్థలాల భద్రత చూసే ఫెడరల్ సంస్థ) 10 గంటల కార్డు దగ్గర జాగ్రత్త. అది శిక్షణ పూర్తి చేసిన కార్డే, సర్టిఫికేషన్ కాదని ఓషానే చెప్తుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని అంకె కట్టుకుంటే, జాబితా మారిన ఏడాది ఒక్కసారిగా కూలిపోతుంది.

ముందే కనపడే గుర్తులు మూడు: పరీక్షకు అర్హత వచ్చిందా, పేరు నమోదైందా, తేదీ ఎప్పుడు. నర్స్ ఎయిడ్ ఉదాహరణ తీసుకోండి. ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ కావాలి, రాష్ట్రాలు ఇంకా ఎక్కువ అడగొచ్చు. జనవరిలో గంటల పట్టీ చూస్తే, గైర్హాజరు వల్ల ఎవరు ఆ గంటలు అందుకోలేరో తెలిసిపోతుంది. మేలో తెలిస్తే చేసేదేమీ ఉండదు. పరీక్ష మే చివర్లో పెట్టుకుంటే ఫలితం గ్రాడ్యుయేషన్ తర్వాత వచ్చి, డేటా గడువు దాటిపోతుంది. ఏప్రిల్ మొదట్లో పెట్టండి. తప్పినవాళ్లకు రెండో ప్రయత్నం దొరుకుతుంది.

మీ రాష్ట్రం 5ఎస్3, అంటే పని ఆధారిత అభ్యాసం, ఎంచుకుని ఉంటే ఒక్కరోజు ఫ్యాక్టరీ సందర్శన లెక్కకు రాదు. చట్టం మాట ప్రకారం అది పరిశ్రమవాళ్లతో కొనసాగే పని అయ్యుండాలి. నిజమైన పని స్థలం కుదరకపోతే బడిలోనే ఆ వాతావరణం కల్పించి చేయించవచ్చు. శిక్షణ ఒప్పందం, గంటల పట్టీ, యజమాని చేసిన మదింపు, ఈ మూడూ ఒకే ఫైలులో లేకపోతే గంటలు చేసినా నిరూపించలేరు.

4ఎస్1లో ఒక చిక్కు. ఒక జెండర్ వాళ్లు 25 శాతంకన్నా తక్కువ ఉన్న వృత్తులకు దారితీసే ప్రోగ్రాముల కొలత ఇది. కాస్మటాలజీలో ఇంకో పదిమంది అమ్మాయిలు చేరితే హారం పెరుగుతుంది, లవంలో లెక్కించేది తక్కువగా ఉన్న జెండర్ వాళ్లను, ఇక్కడ అబ్బాయిలను, కాబట్టి అది పెరగదు, శాతం పడిపోతుంది. ప్రోగ్రాము బాగా నడుస్తున్నా రేటు తగ్గినట్టు కనపడుతుంది. దాన్ని చూసి ప్రోగ్రామును తప్పుపట్టకండి. వెల్డింగ్‌లో అమ్మాయిలు, నర్సింగ్‌లో అబ్బాయిలు ఎంతమంది అనే తల లెక్కను కూడా పక్కన పెట్టండి.

జిల్లాడెస్క్

చాలా ఉపయోగపడింది అండి. మూడో ప్రశ్న మిగిలింది. ఇంకోటి కూడా: ఒక ప్రోగ్రాములో కాన్సంట్రేటర్లు ఎనిమిది మందే ఉన్నారు. పోయినేడు 75 శాతం, ఈ ఏడు 50. ఆ ప్రోగ్రామును మూసేయాలని ఒత్తిడి వస్తోంది.

గ్రాంట్‌ఫైలు

ఎనిమిది మందిలో ఒక్కొక్కరూ 12.5 పాయింట్లు. 75 నుంచి 50కి పడడమంటే ఇద్దరు పిల్లల తేడా, అంతే. మూడేళ్లు కలిపి లెక్క కట్టండి, లవాలన్నీ కూడి, హారాలన్నీ కూడి. మూడు శాతాల సగటు తీయొద్దు, అది తప్పు. కలిపినా 15 మంది దాటకపోతే రేటు వదిలేసి పేరుపేరునా చూడండి. ఇంత చిన్న అంకెలను బయట ప్రచురిస్తే పిల్లలు ఎవరో తెలిసిపోతుంది, ఫెర్పా (విద్యార్థుల రికార్డుల గోప్యత చట్టం) సమస్య. పక్క అంకెనుంచి తీసివేసి కనుక్కునే వీలు లేకుండా రెండో గడిని కూడా దాచాలి. మూసివేతకు రేటు ఒక్కటే కారణం కాకూడదు. పరిమాణం, పరిధి, నాణ్యత గురించి రాష్ట్రం పెట్టిన నిర్వచనం, స్థానిక ఉద్యోగ డిమాండ్ కూడా చూసి, రెండేళ్లకోసారి చేయాల్సిన లోకల్ నీడ్స్ అసెస్‌మెంట్ (స్థానిక అవసరాల మదింపు)లో ఆ నిర్ణయం రాతపూర్వకంగా రావాలి.

ప్లాన్ తప్పదు. 123వ సెక్షన్ ప్రకారం, ఒక్క కోర్ ఇండికేటర్‌లో (3ఎస్1, 5ఎస్1 లాంటి కొలతలో) లక్ష్యంలో 90 శాతం అందకపోయినా ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ రాసి, తర్వాతి ప్రోగ్రాము ఏడాదిలో అమలు చేయాలి. అలా గుర్తించాక అదే ఇండికేటర్‌లో వరుసగా రెండేళ్లు ఆ 90 శాతం అందుకోలేకపోయినా, ప్లాన్‌ను అసలు అమలు చేయకపోయినా, విచారణకు అవకాశం ఇచ్చి నిధుల్లో కొంత లేదా అంతా ఆపే అధికారం రాష్ట్రానికి ఉంది.

రాష్ట్రం ఒప్పుకోక వెనక్కి పంపే ప్లాన్లు ఎక్కువగా "టీచర్లకు శిక్షణ ఇస్తాం" తరహావి. 3ఎస్1 పడింది ఆధారాలు దొరక్క అయితే దానికి శిక్షణ మందు కాదు. ఇలా రాయండి: ఏ గుంపులో ఎంత తేడా ఉంది, కారణం ఏమిటి, ఏ పని ఎవరు ఏ తేదీకి చేస్తారు, మధ్యలో ఏ అంకె చూస్తారు. ప్రత్యేక జనాభా గుంపులు (వైకల్యం ఉన్నవాళ్లు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లు లాంటివి) చట్టంలో తొమ్మిది ఉన్నాయి, ఒకే విద్యార్థి రెండు మూడింటిలో ఉండొచ్చు. అందుకే గుంపుల మొత్తం 200కి సరిపోదు, దాన్ని సరిపెట్టే ప్రయత్నం చేయకండి.

మీ విషయంలో మధ్యలో చూసే అంకె సులువు. నవంబర్ 15కి ఆచూకీ తెలియనివాళ్లు 25 మందికి లోపు, డిసెంబర్ 20కి 12కి లోపు. ప్లాన్‌లో ఆ రెండు తేదీలు రాసి, ప్రోగ్రామువారీగా ఫోన్లు చేసే టీచర్ పేరు పెట్టండి. ఆ గంటలకు పెర్కిన్స్ డబ్బు వాడితే సమయ పత్రం కూడా ఉండాలి. పాలనా ఖర్చు 5 శాతం పరిమితిలోకి వస్తుందా లేదా అన్నది పని మొదలుపెట్టకముందే రాష్ట్రాన్ని రాతలో అడగండి.